బొటనవేలు చెరిపేస్తే ఫొటో బాగుపడుతుందా?

ఫొటో మీద మాట చెప్పడం చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. ఎవరో సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీస్తారు. చూసినవాళ్లలో ఒకరు బాగుందంటారు, ఒకరు బాగాలేదంటారు. అక్కడితో అందరూ మర్చిపోతారు. నేను అలా అనుకోవడం లేదు. ఆదివాసి పిల్లలు తీసిన ఫొటో గురించి ఎవరు ఏం చెబుతున్నారు, ఆదివాసులను తీసిన ఫొటోకు ఎవరు ఎందుకు బహుమతి ఇస్తున్నారు అనేవి మన కథల మీదా పాటల మీదా జరిగే చర్చకు ఏమాత్రం తీసిపోని విషయాలు. మన కథను పైవాళ్లు ఎలా చదువుతున్నారని మనం గట్టిగానే అడుగుతున్నాం. మన ఫొటోను ఎలా చదువుతున్నారని మాత్రం అడగడం మొదలుపెట్టలేదు. ఆ అడగడం కోసమే ఈ వ్యాసం.

నేను కృత్తివెన్ను మండలంలో బడి పంతుల్ని. యానాదిని. టీటీసీ చదివి ఉద్యోగంలోకి వచ్చాను. మా ప్రాంతానికి ఒకవైపు సముద్రం, ఒకవైపు కొల్లేరు నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేరు. మధ్యలో 216 నంబరు జాతీయ రహదారి, దాని పక్కన కనుచూపు మేర రొయ్యల చెరువులు. మావాళ్లు ఆ చెరువులకు కాపలా ఉంటారు. కాలవల్లో, పర్రల్లో పీతలు పడతారు. వరి పొట్టకొచ్చే రోజుల్లో రైతులు పిలిస్తే చేలల్లో ఎలకలు పడతారు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడి, పాఠాలు ఫోన్లలోకి వెళ్లాక, అప్పో సప్పో చేసి చాలా ఇళ్లవాళ్లు ఒక ఫోన్ కొన్నారు. అద్దం పగిలిన ఫోనుకైనా కెమెరా ఉంటుంది. పాఠాలు ఎంతవరకు విన్నారో గాని, పిల్లలు ఫొటోలు తీయడం మాత్రం నేర్చుకున్నారు.

అలా ఒక పిల్ల వాళ్ల నాయనమ్మను తీసింది. ముసలామె ఇంటి ముందు కూర్చుని, పట్టుకొచ్చిన మండపీతలకు కాళ్లు కదలకుండా పురికొస కడుతోంది. నైటీ వేసుకుని పైన తువ్వాలు కప్పుకుంది. వెనకాల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము సగం కనిపిస్తోంది. ఇంకోపక్క టీవీ డిష్ ఉంది. ఆమె చూపు పీత మీదే ఉంది, ఫొటో తీస్తున్న మనవరాలి మీద లేదు. ఆ ఫొటోను ఒక పోటీకి పంపాం. బహుమతి రాలేదు, అందులో అన్యాయమేమీ లేదు. నిర్ణేతగా వచ్చిన పెద్దాయన పిల్లలకు సలహాలు చెబుతానంటే సంతోషంగా కూర్చున్నాం. ఆయన మూడు మాటలు చెప్పారు. ఒకటి, వెనకాల ఆ డ్రమ్ము, డిష్ లేకుండా చూసుకోవాలి, కంటికి అడ్డం తగులుతున్నాయి. రెండు, ముసలామెకు పాతకాలం చీర కట్టించి తీస్తే ట్రైబల్ ఫీల్ వచ్చేది. మూడు, ముఖం మరీ నల్లగా వచ్చింది. కోపంగా చెప్పలేదు, ప్రేమగానే చెప్పారు. నిర్మాణాత్మక విమర్శ అంటే ఇలా ఉండాలని పక్కనున్నవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

నా తగాదా ఆ ఒక్క మనిషితో కాదు. సరదాకు ఫొటోలు తీసేవాళ్లు కలిసే ప్రతిచోటా వినిపించే సలహాలే ఇవి. అందుకే ఒక్కొక్కటే పట్టుకుని చూడాలి.

మొదట డ్రమ్ము. మా తీరంలో బోరు వేస్తే ఉప్పునీళ్లు వస్తాయి. కాలవ చివరి ఊళ్లు మావి. తాగే నీళ్లు ట్యాంకరు వచ్చినప్పుడు పట్టి దాచుకోవాలి, లేదంటే డబ్బా కొనుక్కోవాలి. ఆ దాచుకునేది ఆ డ్రమ్ములోనే. ఇంట్లో మంచం లేకపోయినా డ్రమ్ము ఉంటుంది. వంటింట్లో కుళాయి ఉన్న మనిషికి అది చెత్తలా కనిపించింది. ఆ ఇంటి మనిషికి అది ఇంట్లో అన్నిటికన్నా విలువైన సామాను. చుట్టూ చెరువుల నిండా నీళ్లుండి, తాగడానికి నీళ్లు డ్రమ్ములో దాచుకునే ఊరి కథ ఆ ఫొటోలో ఒక మూలన ఉంది. సలహా ఇచ్చినాయన ఆ మూలనే కత్తిరించమన్నారు.

అలాగని ఆ ఫొటోలో లోపం లేదని నేను అనను. డ్రమ్ము సగానికి తెగింది. అది కావాలని పెట్టినట్టూ లేదు, వద్దని వదిలేసినట్టూ లేదు. కాబట్టి చెప్పాల్సిన మాట ఇది: "అమ్మాయ్, ఈ డ్రమ్ము నీకు ముఖ్యమా? ముఖ్యమైతే రెండడుగులు పక్కకు జరిగి అది మొత్తం కనిపించేలా తియ్యి. ముఖ్యం కాకపోతే కాస్త వంగి, నాయనమ్మ భుజం దానికి అడ్డం వచ్చేలా తియ్యి." ఇందులో తీసిన పిల్ల ఉద్దేశం ఏమిటన్న ప్రశ్న ఉంది, రేపు చేయగల పని ఉంది. ఏది చెత్తో, ఏది బతుకో తేల్చే అధికారం పిల్ల చేతిలోనే ఉంది. డ్రమ్ము తీసెయ్యి అనే మాటలో ఈ మూడూ లేవు.

రెండోది చీర. ఈ సలహా మనకు కొత్తది గాని లోకానికి కొత్తది కాదు. ఎడ్వర్డ్ కర్టిస్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ అక్కడి ఆదివాసుల మీద 1907 నుంచి 1930 వరకు 20 సంపుటాలు తెచ్చాడు. 1910లో పీగన్ తెగవాళ్ల గుడారంలో ఇద్దరు మనుషులు కూర్చున్న ఫొటో ఒకటి తీశాడు. వాళ్ల మధ్య ఒక గడియారం ఉంది. అచ్చులోకి వచ్చేసరికి ఆ గడియారం లేదు. ఆదివాసి ఇంట్లో గడియారం ఉంటే ఆదివాసిలా కనిపించడని చెరిపేశారు. అక్కడ గడియారం, ఇక్కడ డిష్, నైటీ. వందేళ్లు దాటినా అడిగేది ఒకటే: మీరు మాతో పాటు ఈ కాలంలో బతుకుతున్నట్టు కనిపించకండి.

మన నాయనమ్మలు నైటీలు వేసుకుంటున్నారు. పిల్లలు యూనిఫారాలు వేసుకుంటున్నారు. యువకులు జీన్స్ ప్యాంటు వేసుకునే ఎలక బుట్టలు మోసుకెళ్తున్నారు. ఇది మన 'అసలు' రూపం కాదని, అసలు రూపం ఇంకెక్కడో ఉందని చెప్పే హక్కు కెమెరా పట్టుకున్న వాడికి ఎక్కడిది? ఇదే మాట ఇంకో రకంగానూ వస్తుంది. పొద్దు పొడిచే వేళ తీరానికి కార్లలో వచ్చి, మనవాళ్లను చొక్కా తీసెయ్యమని, చేప లేని చోట పదిసార్లు వల విసరమని అడిగే వాళ్లను మీరూ చూసే ఉంటారు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకున్న ఆ ఫొటోను నలుగురూ కూర్చుని విమర్శిస్తారు. వల అంచు ఫ్రేములో తెగిందా, సూర్యుడు మధ్యలోకి వచ్చాడా, కుడివైపు ఖాళీ ఎక్కువైందా అని. వల విసిరిన మనిషి భుజం ఎలా ఉందని గాని, అన్నిసార్లు విసిరినందుకు అతనికి ఏమిచ్చావని గాని ఒక్కరూ అడగరు. అడగకపోవడం కూడా ఒక సలహాయే. ఇలాంటివి ఇంకా తీసుకురా, మేం అడగం అని చెప్పడమే.

ఇప్పుడు వ్యాసం పేరులోని బొటనవేలు సంగతి. లోకంలో పేదరికానికి గుర్తుగా అందరికీ తెలిసిన ఫొటో ఒకటుంది. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల విడిదిలో డొరొతియా లాంగ్ తీసింది. గుడారంలో ఒక తల్లి, భుజాల మీద తలలు వాల్చి ముఖాలు దాచుకున్న పిల్లలు. 'మైగ్రంట్ మదర్' అని దానికి పేరు. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆమె చెరొకీ ఆదివాసి. ఈ రెండు సంగతులూ ఫొటోతో పాటు రాలేదు. లాంగ్ ఆమె పేరు అడగలేదు. 40 ఏళ్లు దాటాక, 1978లో, ఆ తల్లే నోరు విప్పితే ఆమె ఎవరో లోకానికి తెలిసింది. ఆ ఫొటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని, తన పేరైనా అడగలేదని ఆమె బాధపడింది.

ఆ ఫొటో కింది మూలలో గుడార��� గుంజను పట్టుకున్న ఆమె బొటనవేలు కనిపించేది. కూర్పుకు అది లోపమని లాంగ్ అనుకుంది. కొన్నేళ్ల తర్వాత నెగటివ్ మీదే దాన్ని చెరిపించింది. పరిశీలనగా చూస్తే ఇప్పటికీ అక్కడ మసకగా జాడ ఉంటుంది. లాంగ్ పేదల పక్షాన నిలబడిన మనిషి, అందులో సందేహం లేదు. ఆ ఫొటో పత్రికలో వచ్చాక ఆ విడిదికి తిండి గింజలు వెళ్లాయి, కాకపోతే అప్పటికే ఫ్లోరెన్స్ కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. మంచి మనిషి, మంచి ఉద్దేశం, మంచి ఫొటో. అయినా ఆ తల్లి పేరు ఉండాల్సిన చోట లేదు, వేలు ఉన్నచోట ఉండనివ్వలేదు. అందుకే ఉద్దేశం మంచిదయితే చాలు అనే వాదన నాకు సరిపోదు.

బొటనవేలు అనగానే మన పిల్లలకు ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పక్కర్లేదు. నిషాదుడైన ఏకలవ్యుడి దగ్గర ద్రోణుడు అడిగింది బొటనవేలే. పాఠం చెప్పకుండానే గురుదక్షిణ తీసుకున్నాడు. మన తాతల దగ్గర తెల్లవాళ్ల ప్రభుత్వం అడిగిందీ వేలిముద్రే. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఎరుకలవాళ్లతో పాటు మా యానాదుల్లోనూ కొందరిని ఆ జాబితాలోకి ఎక్కించారు. పుట్టుకతోనే దొంగలని రాసి, వేళ్లకు సిరా పూసి, రిజిస్టర్లలో పెట్టారు. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయింది 1952లో గాని కాదు.

ఆ రిజిస్టర్లతో పాటే ఫొటో కూడా నడిచింది. 1868 నుంచి 1875 వరకు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాలు వచ్చాయి. వాటిలో 468 ఫొటోలు. మనుషులను జాతులుగా విడగొట్టి, ఏ జాతి నమ్మదగ్గది, ఏది కాదు అని కింద రాశారు. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారితో కలిసి దక్షిణాది కులాల, తెగల మీద 7 సంపుటాలు వేశాడు. యానాదులు చివరి సంపుటంలో ఉన్నారు. థర్‌స్టన్ తలలు, ముక్కులు కొలిచే మనిషి. ఆయన కెమెరాకు మనిషి ఒక నమూనా. మన ముఖం మీద మొట్టమొదట వచ్చిన అభిప్రాయం అది. ఈనాటి ట్రైబల్ ఫీల్ అనే మాటకు తాత అక్కడున్నాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. "మాస్టారూ, ఫొటోను ఫొటోగా చూడండి. వెలుతురు, గీత, కూర్పు. వీటికి కులం ఏమిటి, తెగ ఏమిటి? నిర్ణేత సంఘసేవకుడు కాదు కదా" అంటారు. సరే, ఆ మాట మీదే నిలబడదాం. పాత చీర కట్టించు అనేది వెలుతురు గురించిన సలహానా? డిష్ తీసెయ్యి అనేది గీత గురించిన సలహానా? మన బతుకు ఎలా కనిపించాలన్న తీర్పును కూర్పు అనే మాటకింద దాచి చెబుతున్నది వాళ్లే. మేం ఆ మాటను ఎత్తి చూపిస్తున్నాం, అంతే. పైగా, ఉన్నదాన్ని తీసేయడం కళ అని అన్నిచోట్లా ఒప్పుకోవడం లేదు. వార్తా ఫొటోలకు లోకంలో పేరున్న వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో తీసిన ఫొటోలోంచి దేన్నీ తొలగించకూడదు, దేన్నీ చేర్చకూడదు. 2015లో చివరి దశకు ముందు వరకు వచ్చిన ఫొటోల్లో 20 శాతాన్ని ఇలాంటి మార్పులు చేశారని పక్కన పెట్టారు. అంత పెద్ద పోటీలో తప్పు అయినది, మన పిల్లలకు చెప్పేటప్పుడు సలహా ఎలా అవుతుంది?

మూడోది నల్లని ముఖం. ఈ ఒక్క మాటలో కొంత నిజం ఉంది. ముసలామె ముఖంలో కళ్లు కూడా సరిగ్గా కనిపించడం లేదు. కాని నల్లగా వచ్చింది అని ఊరుకుంటే పిల్లకు ఏం అర్థమవుతుంది? మా నాయనమ్మ నలుపు, అందుకే ఫొటో పోయింది అని అర్థమవుతుంది. అసలు జరిగింది వేరు. కెమెరా తన ముందున్న వెలుగునంతా కలిపి ఒక మధ్యస్థపు బూడిద రంగుగా లెక్కవేసుకుంటుంది. వెనకాల మా చెరువుల మీది తెల్లటి ఆకాశం ఎక్కువుంటే, మొత్తం వెలుగు ఎక్కువైందనుకుని ఫొటోను చీకటి చేస్తుంది. ముందున్న ముఖం ఆ చీకట్లో మునిగిపోతుంది. తెల్లని ముఖమైనా మునుగుతుంది, నల్లని ముఖం ఇంకా ముందు మునుగుతుంది. దీనికి చేయాల్సింది తేలిక. ఫోన్ తెర మీద ముఖాన్ని వేలితో నొక్కాలి, వెలుతురు గుర్తును పైకి జరపాలి. లేదా ఆకాశం వెనక రాకుండా గోడో చెట్టో వెనకాల ఉండేలా నిలబడాలి. ఇంకా మంచిది, ఆమెను పాక చూరు నీడలోకి జరిగి కూర్చోమని అడగాలి. ఈ మూడు వాక్యాలు చెప్పడానికి ఒక నిమిషం పట్టదు.

కెమెరా కూడా ఎవరి పక్షమూ కాని వస్తువేమీ కాదు. రంగుల ఫిలిం రోజుల్లో కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి స్త్రీ ఫొటో ఉండేది. షర్లీ కార్డు అనేవారు. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే అందరి రంగూ సరిగ్గా వచ్చినట్టే లెక్క. నల్లవాళ్ల ముఖాలు ఫొటోల్లో మసిముద్దలైనా చాలాకాలం పట్టించుకోలేదు. చాక్లెట్ల కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు తమ సరుకులో ముదురు రంగుల తేడాలు ఫొటోలో రావడం లేదని ఫిర్యాదు చేశాక ఫిలింలో మార్పు వచ్చింది. మనిషి ముఖం చేయలేని పని చాక్లెట్ చేసింది. ఇప్పటి ఫోన్లలో 'బ్యూటీ' అనే మీట నొక్కితే మన పిల్లల ముఖాలు సున్నం కొట్టినట్టు అవుతున్నాయి. ముఖం నల్లగా వచ్చింది అని చెప్పి వదిలేస్తే పిల్ల వెళ్లి నొక్కేది ఆ మీటనే.

ఇంతవరకు పైవాళ్ల గురించి. మనలో ఉన్న రెండు జబ్బుల గురించి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ఏకపక్షం అవుతుంది.

ఒకటి సూపర్ జబ్బు. పిల్లవాడు ఫొటో పెడతాడు. సూపర్, కేక, చించేశావ్ అని వరసగా వస్తాయి. ఏ మాటా లేకుండా బొటనవేలు ఎత్తిన బొమ్మలు ఇంకా ఎక్కువ వస్తాయి. మా కుర్రాడొకడు సాయంత్రం చెరువు గట్టు మీద వాలిన కొంగల గుంపును తీశాడు. మంచి చూపు వాడిది. కొంగలన్నీ ఒకవైపు తిరిగి ఉంటే ఒక్కటి మాత్రం ఇటు చూస్తున్న క్షణం పట్టుకున్నాడు. కాని ఫొటో అంతా చెదిరిపోయింది. లెక్కలేనన్ని బొటనవేళ్లు వచ్చాయి గాని ఎందుకు చెదిరిందో ఒక్కరూ చెప్పలేదు. వెలుతురు తగ్గినప్పుడు కెమెరా కన్ను ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, ఆ కాసేపట్లో చెయ్యి కదిలితే ఫొటో చెదురుతుంది, మోచేతులు గుంజకో బండి సీటుకో ఆనించి ఊపిరి బిగబట్టి తియ్యాలి అని చెబితే వాడికి మర్నాడే పనికొచ్చేది. పీతలు, రొయ్యలు పట్టిన చేత్తో ఫోన్ పట్టుకుంటే లెన్సు మీద జిడ్డు చేరుతుంది, తీసేముందు చొక్కా కొసతో తుడుచుకోరా అని చెప్పినా సగం మేలు జరిగేది. ఊరికే మెచ్చుకోవడం ప్రేమ అనుకుంటున్నాం. వాడికి కావాల్సిన పాఠం చెప్పకుండా పంపించేయడం అది. ద్రోణుడు చేసిందానిలో మొదటి సగం అదే.

రెండోది కవచం జబ్బు. "మనోడు తీశాడు, ఎవరూ ఏమీ అనకూడదు. అంటే అది ఆధిపత్య విమర్శ." సాహిత్య సభల్లోనూ ఈ మాట వింటున్నాం. పైవాళ్ల తూనికరాళ్లు తప్పని చెప్పడం వేరు, అసలు తూకమే వద్దనడం వేరు. మా పీతలు పట్టేవాళ్లలో కుర్రవాడు బొరియలో కొక్కెం తప్పుగా పెడితే పెద్దవాడు ఊరుకోడు. అక్కడికక్కడే చెబుతాడు, చేయి పట్టుకుని చూపిస్తాడు. ఊరుకుంటే కుర్రవాడి వేలు పోతుంది. పని తెలిసిన ప్రతి జాతికీ తన విమర్శ తనకుంది. ఆ కటువైన, దగ్గరి విమర్శను పీతల దగ్గర ఉంచుకుని ఫొటోల దగ్గర ఎందుకు వదిలేయాలి?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చాక మా బడుల్లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నారు. అందులో నిర్మాణాత్మక మూల్యాంకనం అనే ముక్క ఉంది. ఏటా మేం పంతుళ్లం దాని మార్కులు రిజిస్టరులో నింపుతూనే ఉంటాం. దాని అసలు అర్థం తేలికైనది. పిల్ల ఎక్కడుందో, తర్వాతి అడుగు ఏమిటో చెప్పడం. చివర్లో వేసే మార్కు తీర్పు. మధ్యలో చెప్పే మాట సాయం. ఫొటో మీద చెప్పే మాట కూడా ఈ కొలతకు నిలబడాలి. నేను బడిలో పాటిస్తున్న పద్ధతి ఇదీ. ఇందులో ఖర్చు లేదు, ఏ బడిలోనైనా చేయొచ్చు.

ముందు తీసిన పిల్ల చెప్పాలి: నేను ఏం చూపించాలనుకున్నాను అని. అప్పటివరకు ఎవరూ నోరు విప్పకూడదు. తర్వాత చూసినవాళ్లు మంచి చెడ్డా చెప్పకుండా కనిపిస్తున్నది మాత్రమే చెప్పాలి. "నాకు మొదట డ్రమ్ము కనిపించింది. తర్వాత చేతులు. ముఖం కనిపించలేదు." ఈ మాటల్లోనే సగం విమర్శ ఉంటుంది. తను చూపాలనుకున్నదానికీ వాళ్లకు కనిపించినదానికీ తేడా ఎంతుందో పిల్లకే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఒక్క లోపం, దానికి ఒక్క మందు. పది చెబితే ఏదీ చేయదు. చెప్పేది రేపు అదే ఫోనుతో, అదే ఇంట్లో చేయగలిగేది కావాలి. "మంచి కెమెరా కొనుక్కో" అనేది సలహా కాదు, వెక్కిరింత.

నాలుగో మాట ఫొటోలో ఉన్న మనిషిది. ఫొటో క్లబ్బుల్లో ఈ కుర్చీ ఖాళీగా ఉంటుంది. మా బడిలో ఈ కుర్చీయే ముఖ్యం. ఒక కుర్రాడు వాళ్ల మామ మండపీతను కెమెరా వైపు ఎత్తి పట్టుకున్నట్టు తీశాడు. అందరం మెచ్చుకున్నాం. పీత డెక్కలు రెండూ విప్పుకుని బ్రహ్మాండంగా ఉంది. ఆ మామకు చూపిస్తే ఆయన నవ్వాడు. "ఒరే అల్లుడూ, పీతను ఎవడైనా అలా పట్టుకుంటాడా? వెనక నుంచి పట్టుకోవాలి. నువ్వు అడిగావని పట్టుకున్నా. ఇది చూసి పీతలోళ్లు నన్ను చూసి నవ్వుతారు" అన్నాడు. ఏ నిర్ణేతా చెప్పలేని లోపం ఆయన చెప్పాడు. ఫొటోలో పని అబద్ధమైంది. మర్నాడు కుర్రాడు ఆయన వెంట కాలవలోకి దిగి, బొరియలోకి చేయి పెట్టిన తీరు తీశాడు. అందులో పీత కనిపించదు, భుజం వరకు బురద కనిపిస్తుంది. ఆ ఫొటోను ఆయన తన ఫోనులో పెట్టుకున్నాడు. ఇక ఫొటోలో ఉన్న మనిషి "ఇది నాకొద్దు" అంటే ఆ మాటే ఆఖరు. ఎంత బాగా వచ్చినా చెరిపేయాల్సిందే. 2012లో అండమాన్‌లో జారవా స్త్రీలను తిండి ఎరచూపి ఆడించి తీసిన వీడియో లోకమంతా తిరిగింది. వద్దు అనే మాటకు చోటు లేని కెమెరా ఎక్కడిదాకా వెళ్తుందో చూపడానికి ఆ ఒక్క సంగతి చాలు.

పిల్లలకు విమర్శను పుచ్చుకోవడం కూడా నేర్పాలి. మన పిల్లలు ఒక్క మాట పడగానే ఫోన్ జేబులో పెట్టేసి మళ్లీ తీయరు. బడిలో, బస్సులో, ఆఫీసులో తమ మీద పడే మాటలు వాళ్లకు అలవాటు. కాబట్టి ఫొటో మీద పడిన మాట కూడా తమ మీద పడినట్టే వినిపిస్తుంది. వాళ్లకు నేను చెప్పేది ఇది. విన్న మాటను రెండు కుప్పలు చెయ్యండి. నువ్వు ఎక్కడ నిలబడ్డావు, వెలుతురు ఎటుంది, చెయ్యి కదిలిందా అనే మాటలు ఒక కుప్ప. వాటిని శత్రువు చెప్పినా తీసుకోండి. నువ్వు ఎవరిలా కనిపించాలి, మీ ఇల్లు ఎలా ఉండాలి అనే మాటలు ఇంకో కుప్ప. వాటిని గురువు చెప్పినా తీసుకోవద్దు. అర్థం కాని మాట చెబితే "అయితే ఏం చెయ్యమంటారు సార్?" అని అడగండి. జవాబు లేకపోతే అది సలహా కాదని తేలిపోతుంది. నాయనమ్మ ఫొటో తీసిన పిల్ల మూడు సలహాల్లో నల్లని ముఖం సంగతి ఒక్కటే తీసుకుంది. ఆమెను చూరు నీడలో కూర్చోబెట్టి మళ్లీ తీసింది. నైటీ ఉంది, డిష్ ఉంది, డ్రమ్ము ఈసారి మొత్తం ఉంది. కళ్లు కూడా కనిపిస్తున్నాయి.

చివరగా నేను అడిగేవి కొన్ని ఉన్నాయి. పోటీలు పెట్టేవాళ్లను: ఆదివాసుల ఫొటోకు బహుమతి ఇచ్చేముందు ఆ మనిషిని అడిగే తీశారా, ఒక కాపీ వాళ్లకు ఇచ్చారా, ఏదైనా వేషం వేయించారా అని అడగండి. జవాబు లేకపోతే ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. నిర్ణేతల్లో ఫొటోలోని బతుకు తెలిసిన మనిషి ఒకరినైనా కూర్చోబెట్టండి. వలల ఫొటోలకు వల విసిరేవాడిని, పీతల ఫొటోలకు పీతలు పట్టే ఆమెను. తోటి పంతుళ్లను: పిల్లల ఫొటోలకు మార్కులు వేయకండి, మాట చెప్పండి. మన రచయితలను: మన పుస్తకాల అట్టల మీద వేసే ముఖాలకు పేర్లు ఉన్నాయో లేదో ఒకసారి తిరగేసి చూడండి. ఆ మనిషి ఒప్పుకుంటే ఫొటో తీసినవారి పేరు పక్కనే ఆ మనిషి పేరు కూడా వేయండి. ఒప్పుకోకపోతే ఆ ఫొటో వేయకండి.

ఇవి పెద్ద కోరికలేమీ కావు. మన ముఖం మీద, మన ఇంటి మీద చివరి మాట మనకు ఉండాలని అడగడం. ఫొటోలో బొటనవేలు అడ్డం వచ్చిందని ఎవరైనా అంటే, అది ఏం పట్టుకుని ఉందో ముందు చూడమని చెబుదాం. ఫ్లోరెన్స్ వేలు పట్టుకున్నది గుడారపు గుంజను. అది వదిలేస్తే గుడారం పిల్లల మీద పడుతుంది.